కూత లేని హెడ్‌ఫోన్

పాటలు వినడానికి ఏ హెడ్‌ఫోన్ మంచిదని మా వీధి పిల్లలు ఇప్పటికీ వచ్చి నన్నడుగుతుంటారు. విజయవాడ వన్ టౌన్‌లో అవి అమ్మే దుకాణంలో మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు పనిచేసి మానేసినదాన్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నాకు తెలియదు. తెలియదంటే ఏదో దాస్తున్నాననుకుంటారు. అందుకని ఒక పెద్దాయన సంగతి చెప్తాను, విని మీరే తేల్చుకోండి. నేను చెప్తుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. మధ్యలో తను నవ్వుతోంది గానీ ఇందులో నవ్వవలసింది ఎంతో, ఏడవవలసింది ఎంతో నాకు సరిగ్గా అంతుపట్టలేదు.

నేను ఆ దుకాణంలో చేరింది ఊడవడానికి. మా ఆయన గోడౌన్లలో బస్తాలు మోసేవాడు. ఆయన పోయాక మా సంఘంలో పాస్టరమ్మగారు మాట్లాడి నన్నక్కడ పెట్టించారు. పొద్దున ఊడ్చి, తుడిచి, అట్టపెట్టెలు మడిచి కట్టలు కట్టడం నా పని. హెడ్‌ఫోన్లని చూడటమే గానీ ముట్టుకున్నది లేదు.

ముట్టుకోవడం ఎలా మొదలైందంటే, ఆడవాళ్ళ వల్ల. పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని చూస్తామని ఆడవాళ్ళు వస్తే దుకాణంలో చిక్కు వచ్చేది. జడలో పూలుంటాయి, చెవులకి బుట్టలుంటాయి. నెత్తి మీంచి పట్టీ దించితే పూలు నలుగుతాయి, బుట్టలు మెడకి గుచ్చుకుంటాయి. కౌంటర్లో ఉన్నవాళ్ళంతా మగపిల్లలు. పరాయి ఆడదాని చెవి దగ్గర చెయ్యి పెట్టి సర్దలేరు కదా. సర్దకపోతే అది సగం చెవి మీద, సగం దవడ మీద కూర్చుంటుంది. పాట బాగా రావట్లేదని వాళ్ళు వెళ్ళిపోతారు. ఒకరోజు మా యజమాని నా చేతిలో చీపురు చూసి, "అది పక్కన పెట్టి ఇట్రా అమ్మా. చేతులు కడుక్కుని ఆవిడకి చెవుల మీద సరిగ్గా కూర్చోబెట్టు" అన్నాడు. నేను ముందు బుట్టలు విప్పి ఆవిడ అరచేతిలో పెట్టి, పూలదండ కిందకి జరిపి, అప్పుడు పెట్టాను. ఆవిడ కొనేసింది. అంతే, మర్నాటి నుంచి ఊడవడం అయ్యాక నేను కౌంటర్ మనిషిని.

కొందరు పెద్ద ముత్తైదువులు నా బోసి నుదురు చూసి ఆగిపోయేవాళ్ళు. బొట్టు లేనిది మొగుడు పోయినందుకా, కిరస్తానీదాన్నైనందుకా అని తేల్చుకోలేక నా మొహంలోకి చూసేవాళ్ళు. రెండూ నిజమే. ఏది చెబితే చెవి ఇస్తారో తెలియక నేను నవ్వి ఊరుకునేదాన్ని.

మా సీనియర్ సేల్స్‌మాన్ నన్ను పిన్నీ అనేవాడు. పని నేర్పింది అతనే. "బేస్ ఉండాలి పిన్నీ. దెబ్బ కొడితే గుండెల్లో తగలాలి. అదే మంచి పీసు" అన్నాడు. సరేనని నేర్చుకున్నాను. తర్వాత కంపెనీ తరఫున ఒకాయన వచ్చి, బేస్ ఎక్కువైతే గొంతు మునిగిపోతుంది, అసలు పాట ఎలా పాడారో అలాగే వినిపించేది మంచిదన్నాడు. ఎలా పాడారో అక్కడ నేను లేను కదా బాబూ, నాకెలా తెలుస్తుంది అంటే ఆయన టీ తాగడం మొదలుపెట్టాడు. మా యజమానికేమో చెవి మొత్తం కప్పేసేది మంచిది. కాలేజీ పిల్లలకి చెవిలోకి దూరేది మంచిది. నేను ఒకే పాట పెట్టుకుని అన్నిట్లోనూ విన్నాను. పొద్దున బాగున్నది అన్నం తిన్నాక బాగుండేది కాదు. ఎవరూ చూడనప్పుడు వింటే ఒకలాగా, పక్కన ఎవరన్నా నిలబడి 'ఎలా ఉంది?' అంటే ఇంకోలాగా ఉండేది. ఆ అయోమయంలోనే నేను బోలెడు అమ్మాను. అదీ నాకు అర్థం కాలేదు.

ఇలా ఉండగా ఆ భార్యాభర్తలు వచ్చారు. ఆయన కొండపల్లి వైపు కరెంటు తయారుచేసే చోట మిషన్ల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. మిషను ఇంకా పక్కనే తిరుగుతున్నట్టు గట్టిగా మాట్లాడేవాడు. ఆవిడ సన్నటి మనిషి. వచ్చిన సంగతి ఆవిడే చెప్పింది.

"ఇంట్లో మనవరాలు పసిది అమ్మా. ఈయన ఫోన్లో పద్యం పెట్టారంటే అది ఉలిక్కిపడి లేస్తుంది. కోడలు ఏమీ అనదు, వెళ్ళి తలుపేసుకుంటుంది. అంటే బాగుండు, అనకపోతేనే నాకు భయం. ఈయన పద్యం ఈయన చెవిలోనే ఉండిపోయేది ఏదన్నా ఇవ్వండి."

"పద్యమే కాదు, పెట్టె కూడా వినపడాలి" అన్నాడాయన, వీధి చివరకి వినపడేలా.

పెట్టె అంటే హార్మోనియం. ఉద్యోగం చేసిన రోజుల్లో వాళ్ళ కాలనీ క్లబ్బులో పౌరాణిక నాటకాలు వేసేవాళ్ళట. ఈయన హార్మోనిస్టు. పద్యం అందుకునేవాళ్ళు వేరు, వెనక పెట్టె ఈయనది. అప్పట్లో ఎవరో టేపు చేసి ఉంచితే కొడుకు వాటిని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆయన వినేది అవి ఒక్కటే.

మా సేల్స్‌మాన్ చెవులు కప్పేసేది ఒకటి తీసి, "దీంట్లో అయితే రికార్డింగ్‌లో దాక్కున్న ప్రతి చిన్న తప్పు కూడా వినపడుద్ది సార్. అంత క్లియరు" అన్నాడు. ఆ మాట అతను రోజూ అందరికీ చెప్పేదే. ఆయన మాత్రం చాలా శ్రద్ధగా విన్నాడు. కొనుక్కుని వెళ్ళారు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు. ఆయన దాన్ని కౌంటర్ మీద జాగ్రత్తగా పెట్టి, "దీంట్లో కూత ఉందమ్మా" అన్నాడు.

"ఎలాంటి కూత బాబాయిగారూ?"

"సన్నగా. కుక్కరు కూసే ముందు ఈల మొదలవుతుంది చూడు, అట్టా. అది ఆగదు. నా పెట్టె శ్రుతికి కలవదు."

నేను పెట్టుకుని విన్నాను. కూత లేదు. సేల్స్‌మాన్ విన్నాడు, లేదన్నాడు. యజమాని కళ్ళద్దాలు తీసి మరీ విన్నాడు. లేదు. అయినా పెద్దాయన కదా అని ఇంకో పీసు మార్చి ఇచ్చారు. దాన్నీ తెచ్చేశారు. ఈసారి మా సేల్స్‌మాన్, బయటి చప్పుడు మొత్తం ఆపేసే రకం ఇచ్చాడు. అది పెట్టుకుని బటన్ నొక్కితే వన్ టౌన్ అంతా ఒక్కసారి చచ్చిపోయినట్టుంటుంది. తోపుడు బళ్ళు, ఆటోలు, ఇనప ఊచలు దింపే మోత, ఏమీ ఉండవు. నాకు అది పెట్టుకుంటే భయం వేసేది. "ఇంక కూత ఎక్కణ్ణుంచి వస్తుంది సార్, దారే లేదు" అన్నాడు సేల్స్‌మాన్. ఇదేదో కుదిరేటట్టుందని ఆవిడ మొహం కూడా తేటపడింది.

దాన్ని కూడా తెచ్చేశారు. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు సంగతి.

ఆయన కోపంగా వచ్చి ఉంటే నాకు బాగుండేది. కోపగించుకునే వాళ్ళతో ఎలా మాట్లాడాలో దుకాణంలో అందరికీ తెలుసు. ఆయన నెమ్మదిగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గొంతు తగ్గింది. ఆవిడే సంచిలోంచి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"కూత ఇంకా పెద్దదైందంటున్నారు" అంది. "అది కాదమ్మా నా బాధ. ఈయన నిన్నటి నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. మీ అబ్బాయి అన్న మాట పట్టుకున్నారు."

"ఏ మాట?" అన్నాడు సేల్స్‌మాన్.

పెద్దాయన అతని వైపు చూశాడు. "మంచి దాంట్లో తప్పులన్నీ వినపడతాయన్నావు కదా బాబూ. వినపడుతున్నాయి. మామూలు దాంట్లో కొంచెం, మంచిదాంట్లో ఎక్కువ. నా పెట్టె శ్రుతిలో లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అట్టాగే వాయించాను. చప్పట్లు కొట్టారంటే మొహమాటానికి కొట్టి ఉంటారు. మా పద్యం అందుకునే ఆయన కూడా పాపం ఎప్పుడూ ఏమీ అనలేదు."

మా సేల్స్‌మాన్ కంగారుపడి, "సార్, అది అమ్మడానికి అనే మాట సార్" అన్నాడు.

"అయితే అబద్ధం చెప్పి అమ్మావా?"

"అబద్ధం కాదు సార్, నిజంగానే క్లియరు."

"అయితే తప్పు నా పెట్టెదే."

ఆయనకి వస్తువు బాగుందని చెబితే జన్మంతా చేసిన విద్య పోతుంది, విద్య బాగుందని చెబితే మా వస్తువు పోతుంది. ఆ రెండూ ఎలా ముడిపడ్డాయో చూస్తుండగానే ముడిపడిపోయాయి.

ఆయన ఫోను తీసి నా ముందు పెట్టాడు. "మీ దుకాణంలో అన్నిటికన్నా మంచిది ఒకటి పెట్టి చూడమ్మా. అందులోనూ కలవకపోతే ఫోన్లో పద్యాలన్నీ ఇక్కడే తీసేయండి. ఇంక నాకు వినే పని లేదు."

"తీసేయటం దేనికండీ, ఉంటే అన్నం అడుగుతాయా?" అంది ఆవిడ.

"ఉంటే వినాలనిపిస్తుందే. వింటే సిగ్గేస్తుంది."

యజమాని నా పక్కకొచ్చి, "నువ్వు పెట్టమ్మా, నీకైతే మెత్తగా చెబుతాడు" అని లోపలికి వెళ్ళాడు. సేల్స్‌మాన్ అప్పటికే గాజు బీరువాలోంచి అన్నిటికన్నా గొప్పది తీసి నా చేతిలో పెట్టి, ఎవరో పిలిస్తే అటు వెళ్ళాడు. నేను దాన్ని ఆయన చెవుల మీద కూర్చోబెట్టి, బయటి చప్పుడు ఆగే బటన్ నొక్కి, ఆయన ఫోన్లో పద్యం మీద వేలు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడా నేనూ ఆయన మొహమే చూస్తున్నాం.

"వచ్చింది" అన్నాడు.

"పద్యమా?" అని చేత్తో అడిగింది ఆవిడ.

"కూత. పద్యం ఇంకా మొదలవలేదు. కూత ముందే వచ్చింది. అదే."

అంత గొప్ప వస్తువులో కూడా కూత ఉంటే ఇంక ఏం చూపిస్తాను. ఆవిడ బల్ల వైపు వంగింది. ఏదో వింటున్నట్టు తల పక్కకి తిప్పి, వాపసు తెచ్చిన పాత హెడ్‌ఫోన్‌ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏవమ్మా, పద్యం ఇందులో పాడుతోంది" అంది.

నేను తీసుకుని విన్నాను. నిజమే. హార్మోనియం దోమ పాడినట్టు సన్నగా అందులోంచి వస్తోంది. అవి వైరు లేనివి కదా, ఆయన ఫోను ఇంటి దగ్గర అలవాటైన, ఆపకుండా తెచ్చిన పాతదానికే పాట పంపిస్తోంది. కొత్తది పెట్టినప్పుడు ఫోన్‌ని దానికి కలపాలి. ఆ పని రోజూ సేల్స్‌మానే చేసేవాడు. నేను కలపలేదు. ఇంతలో అతనే వచ్చి చూసి, "పిన్నీ, కనెక్ట్ చేయకుండానే పెట్టేశావా" అని తల పట్టుకున్నాడు. నా పని అయిపోయింది, రేపటి నుంచి చీపురే అనుకున్నాను.

ఆవిడ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. "అయితే ఆయన చెవుల మీదున్న దాంట్లో ఏం వస్తోంది?" అని అడిగింది.

"ఏమీ రాదమ్మా. ఖాళీ."

"ఖాళీ అయితే కూత ఎక్కడిది?"

ఆవిడ ఆయన నెత్తి మీంచి హెడ్‌ఫోన్ తీసి తన చెవులకి పెట్టుకుని కాసేపు నిలబడింది. తీసి బల్ల మీద పెట్టింది. పాతదాన్ని కూడా ఆపేయమంది, ఆపేశాను. అప్పుడు ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఇప్పుడుందా?" అని అడిగింది.

ఆయన విన్నాడు. "ఉన్నట్టే ఉంది. లేదేమో. బయట ఈ గోలలో తెలియట్లేదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, రెండు అరచేతులతో ఆయన రెండు చెవులూ గట్టిగా మూసింది. అంతమందిలో మొగుడి తల పట్టుకుని నిలబడటానికి ఆవిడేమీ సిగ్గుపడలేదు.

"ఇప్పుడు?"

"ఉంది" అన్నాడాయన. "బాగా ఉంది."

ఆవిడ చేతులు తీసి ఆయన కళ్ళ ముందు తిప్పి చూపించింది. "నా చేతుల్లో కూత లేదు కదండీ" అంది.

ఆయన ఆ చేతుల వైపే చూశాడు. మా సేల్స్‌మాన్ ఏదో చెప్పబోతే నేను అతని మోచెయ్యి పట్టుకుని ఆపాను.

"అయితే కూత నాదా?" అన్నాడాయన.

"మీదే."

"పెట్టెది కాదు?"

"పెట్టెకేం రోగమండీ. మీరు ఉద్యోగమంతా ఆ మిషన్ల పక్కన నిలబడ్డారు. ఆ మోత మీ చెవిలో దూరి కూర్చుంది."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చెవి చెడిందని తెలిసి అంత సంతోషపడిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. "చెవి పోతే పోయిందిలే" అన్నాడు. "నేనింకా తప్పు పెట్టెదే అనుకున్నాను. ఆ పద్యం ఆయన అంత పైకి ఎత్తితే వెంట వెళ్ళింది నా పెట్టె. అపశ్రుతిలో ఉంటే ఎట్టా వెళ్ళేది, నువ్వే చెప్పు." నన్నే అడుగుతున్నాడు. నాకేం తెలుసు. అవునన్నాను.

యజమాని బయటికొచ్చి సంగతి విని, ముందు చెవి డాక్టరుకి చూపించమని, మిషన్ల దగ్గర పనిచేసిన వాళ్ళకి ఇలా అవుతుందని తన బంధువు సంగతొకటి చెప్పాడు. ఆవిడ తప్పకుండా చూపిస్తానంది. ఇంక ఆ రోజుకి అయిపోయిందనుకున్నాం. ఆయన మాత్రం స్టూలు మీంచి లేవలేదు.

"చూపిస్తాంలే. ముందు నా పద్యం వినిపించండి" అన్నాడు.

అక్కడ మళ్ళీ మాకు తల తిరిగింది. బయటి చప్పుడు ఎంత ఆపితే ఆయన లోపలి కూత అంత పెరుగుతోంది. వస్తువు మంచిదయ్యేకొద్దీ ఆయనకి చెడ్డదవుతోంది. మా సేల్స్‌మాన్ నేర్చుకున్న పాఠమంతా తలకిందులైంది. గొప్పది వద్దు, మధ్య రకం వద్దు, మరి ఏది చూపించాలని వాళ్ళు గాజు బీరువా ముందు నిలబడి ఆలోచిస్తుంటే, ఆయన బల్ల కింద అట్టపెట్టె వైపు వేలు చూపించాడు. "అవేంటి?"

అవి పల్చటి స్పాంజి ముక్కలు తొడిగిన వైరు హెడ్‌ఫోన్లు. కంప్యూటర్ నేర్పేవాళ్ళు గుంపగుత్తగా తీసుకెళ్ళేవి. మేము వాటిని బీరువాలో కూడా పెట్టం.

"అవి మీకొద్దు సార్. బయటి గోలంతా లోపలికొచ్చేస్తుంది."

"గోల వస్తే రానీ. కూత రాకపోతే చాలు."

ఈసారి సేల్స్‌మానే ఫోనుకి గుచ్చి ఇచ్చాడు. ఆయన తనే పెట్టుకుని పద్యం నొక్కాడు. కాసేపు నొసలు ముడిచి విన్నాడు. లేచి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. అక్కడ ఆగి విన్నాడు. ఇంకాస్త ముందుకెళ్ళాడు. చూస్తుండగా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి, ఇనప సామాను దింపుతున్న బండి పక్కన నిలబడిపోయాడు. తోపుడు బళ్ళవాళ్ళు తప్పుకోమని అరుస్తున్నారు, ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు గాలిలో పెట్టె మెట్లు నొక్కుతున్నాయి, ఎడమచెయ్యి తిత్తి ఊపుతోంది.

"కలిసింది" అని అరిచాడు.

ఆవిడ పరుగున వెళ్ళి బండి తగలకుండా ఆయన మోచెయ్యి పట్టుకుంది. అక్కణ్ణుంచే నా వైపు తిరిగి, "ఇంట్లో కుదురుగా కూర్చుని వింటారని కొందామని వస్తే, నడివీధిలో నిలబెట్టారు కదమ్మా మీరు. ఇప్పుడీయన పద్యం వినాలంటే నేను రోజూ వన్ టౌన్ తీసుకురావాలా?" అంది. నవ్వుతోందో, తిడుతోందో తెలియలేదు.

అప్పటి నుంచి ఎవరైనా 'మంచిది చూపించమ్మా' అంటే నాకు నోరు పెగిలేది కాదు. నీ చెవి ఎలాంటిది, నువ్వు ఎక్కడ కూర్చుని వింటావు, ఇన్నాళ్ళూ ఏ మోత పక్కన పనిచేశావు అని అడగాలనిపించేది. అలా అడిగితే మా యజమాని ఊరుకుంటాడా. అందుకని బేస్ బాగుంటుందమ్మా అనేదాన్ని. మీలో ఎవరైనా అలాంటి దుకాణంలో పనికి చేరితే మీరూ అదే అంటారు. అనండి. తప్పులన్నీ వినపడతాయని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఆయన చెవులవి తీయకుండానే లోపలికొచ్చి బేరం ముగించాడు. ఇన్నిసార్లు తిరిగి చివరికి స్పాంజివా అన్నట్టు మా యజమాని నా వైపు చూశాడు. నేను అట్టపెట్టెలు మడవడానికి వెళ్ళిపోయాను.

గుమ్మం దగ్గర ఆవిడ ఆలోచిస్తూ నిలబడింది. "ఏవండీ, మేడ మీద పాత కూలర్ ఒకటి పడేశాం కదా. మోత భరించలేక ఏసీ పెట్టించాడు మన అబ్బాయి. దాన్ని వరండాలోకి దించితే?" అంది. ఆయనకి వినపడలేదు. ఆవిడ ఒకవైపు స్పాంజి ఎత్తి, ఆ చెవిలో మళ్ళీ చెప్పింది.

"పిల్ల లేవదూ?"

"కూలర్ మోతకి పిల్లలు లేవరండీ, ఇంకా బాగా నిద్రపోతారు. మీ పద్యానికే లేచేది."

ఆయన తల ఊపాడు. బస్టాండుకి ఆటో పిలిచారు. ఆయన ఎక్కి కూర్చుని, కళ్ళు మూసుకోబోతూ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు.

"మెల్లగా పోనీ నాయనా. సిగ్నల్ దగ్గర మాత్రం ఇంజను ఆపకు."